గాలి పోయే దారి

కారు ట్యాంకు పెట్రోలు పట్టడం లేదంటే అందరి అనుమానం ముందు బంకు మీదికే పోతుంది. నాజిల్ నొక్కగానే టక్కున కట్ అవుతుంది, మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. నిజామాబాద్‌లో కట్ అయిన బండి ఎడపల్లిలో, బోధన్‌లో కూడా అలాగే మొరాయిస్తే లోపం బండిదే. ఒక్కచోటే ఇబ్బందైతే నాజిల్‌ను అనుమానించొచ్చు. నాజిల్ కొసన సన్నటి రంధ్రం ఉంటుంది. ధార పారుతున్నంతసేపూ అది గాలి పీలుస్తుంది. పెట్రోలు ఎగదన్ని దాన్ని మూస్తే లోపలి మీట విడిపోయి ధార ఆగుతుంది. ట్యాంకు నిండిందో లేదో దానికి పట్టదు. నలభై లీటర్లు లోపలికి పోవాలంటే అంత గాలీ బయటికి రావాలి. సన్నమూతి సీసాను నీళ్లలో ముంచితే గాలి బుడబుడమంటూ నీళ్లకు అడ్డం పడదా, ఇదీ అంతే. అందుకే వెతకాల్సింది గాలి పోయే దారిని.

చాలా పెట్రోలు కార్లలో ఆ దారి బొగ్గు గుళికలుండే క్యానిస్టర్ గుండా పోతుంది. పెట్రోలు ఆవిరిని అది పట్టి ఉంచితే, తర్వాత ఇంజన్ లాక్కుని మండిస్తుంది. చెరకు బండ్లు తిరిగే దారుల దుమ్ము, నల్లరేగడి బురద, కందిరీగ కట్టిన మట్టిగూడు, వీటిలో ఏది అడ్డుపడినా గాలి ఆడదు. మూత తిప్పగానే ట్యాంకు సుయ్‌మని గట్టిగా గాలి లాక్కుంటే అడ్డుందన్న అనుమానం బలపడుతుంది. అన్నిటికన్నా చెడ్డది మన అలవాటు: నాజిల్ కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించడం. అలా ఎగదన్నిన పెట్రోలు క్యానిస్టర్‌లోకి చేరి బొగ్గును తడిపి పాడుచేస్తుంది.

ఇదంతా పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ వల్లేనని వాదించేవాళ్లున్నారు. 1937లో పుట్టిన బోధన్ నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినా ఇక్కడి రైతుకు చెరకు ఇంకా తన పంటే. ఆ చెరకు నుంచి వచ్చే ఇంధనం మీద ఊరికే నింద పడకూడదు. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిసినంత మాత్రాన అది చిక్కబడి ధార మందగించదు. పాత కార్ల రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బే మాట నిజమే, కానీ గొట్టం విప్పి చూస్తే అది తెలిసిపోతుంది. నాజిల్‌ను కాస్త వంచి, మెల్లగా పోయిస్తే సరిపోతుంది కదా అంటారు మరికొందరు. ఆ పూటకు గడుస్తుంది, అడ్డు మాత్రం అలాగే ఉంటుంది. మెకానిక్ క్యానిస్టర్ గొట్టం ఊడదీసినప్పుడు ట్యాంకు చక్కగా నిండితే అడ్డు క్యానిస్టర్‌లోనో దాని అవతలో ఉంది. అప్పటికీ పట్టకపోతే ట్యాంకు వైపు గొట్టాల్లోనే ఉంది. ఫ్యూయల్ పంపు మార్చాలంటే మాత్రం ఒప్పుకోవద్దు. అది ట్యాంకులోని పెట్రోలును ఇంజన్‌కు పంపేదే గానీ, ట్యాంకు నింపే పనిలో దానికి పాత్రే లేదు.