బెల్టూ, టెన్షనూ

టెన్షన్ లేని ఇల్లుంటే నాకు చూపించండి. పిల్లల పరీక్షలంటే టెన్షన్, గ్యాసు బండ అయిపోతే టెన్షన్, చుట్టాలు వస్తున్నామంటే టెన్షన్, వస్తామని రాకపోతే ఇంకా టెన్షన్. అలాంటి దాన్ని పట్టుకుని "సరిగ్గా పెట్టుకోవాలమ్మా, ఎక్కువైనా చెడే, తక్కువైనా చెడే" అని ఒక మనిషి నింపాదిగా చెప్పగా విన్నది మాత్రం మొన్న విజయవాడ ఆటోనగర్‌లో, ఒక రేకుల షెడ్డు కింద.

మా కారు వయసు ఎనిమిదేళ్ళు. తిరిగింది 52 వేల కిలోమీటర్లు. ఇంజన్లో టైమింగ్ బెల్టని ఒకటుంటుంది. దాన్ని లక్ష కిలోమీటర్లకో, ఐదేళ్ళకో, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. మావారు అందులో కిలోమీటర్ల ముక్క చదివి, ఏళ్ళ ముక్క వదిలేశారు. "ఇంకా సగం ఆయుష్షుంది, కూర్చో" అన్నారు. రబ్బరు వస్తువుకి వాడినా వాడకపోయినా వయసు మీదపడుతుందని మగవాళ్ళకి చెప్పాలి గానీ, కుక్కర్ గాస్కెట్ మార్చుకునే వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదివరకైతే నేనూ ఊరుకునేదాన్నే. కానీ నాలుగు నెలల నుంచి అమ్మను గుడివాడ నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకొస్తున్నాం. తెల్లవారుజామున బయల్దేరాలి. వెనకసీట్లో దిండు పెట్టుకుని ఆవిడ పడుకుంటుంది. ఆ దారిలో బెల్టు తెగితే? తెగేముందు అది కబురు కూడా చెయ్యదట. "అమ్మ వైద్యానికే చేతులు తడుముకుంటున్నాం, శుభ్రంగా నడుస్తున్న కారును విప్పించడమేమిటి?" అని మావారు. ఆయన మాటా అబద్ధం కాదు. చివరికి సీరియల్ తాలూకు డబ్బు తీసుకుని నేనే వెళ్ళాను.

మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. కింద క్రాంకు. అది పిస్టన్లను పైకీ కిందికీ ఆడిస్తుంది. పైన క్యాము. అది వాల్వులు తెరుస్తుంది. రెండింటికీ లంకె ఈ పళ్ళ బెల్టు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టు తిరగాలి. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, నాకు వెంటనే వెలిగింది: రెండు లఘువులు ఒక గురువు! బెల్టు ఒక్క పన్ను జారినా గణభంగమే. తెగిందా, మా ఇంజన్లాంటి వాటిలో తెరుచుకున్న వాల్వుల్ని పిస్టన్లు పోయి గుద్దుతాయి. వాల్వులు వంగిపోతాయి. అప్పుడయ్యే ఖర్చు ముందు బెల్టు ఖరీదు ఏపాటి?

"మా నాన్నగారి అంబాసిడర్‌కి ఈ బాధ లేదే?" అన్నాను.

"దాంట్లో బెల్టు కాదమ్మా, ఇనుప గొలుసు" అన్నాడు నవ్వుతూ.

పాత బెల్టు బయటికొచ్చింది. చూపుకి నల్లగా, నిక్షేపంలా ఉంది. మేస్త్రి దాన్ని వెనక్కి వంచాడు. పంటికీ పంటికీ మధ్య సన్నగా పగుళ్ళు. నా అరచేతులు చల్లబడ్డాయి. సోమవారం నాడు అమ్మను తెచ్చింది దీనిమీదే కదా.

కొత్త బెల్టుతోపాటు టెన్షనర్ అనే చిన్న చక్రం కూడా కొత్తది వేశాడు. బెల్టును బిగువుగా పట్టుకునేది అదే. మరీ బిగిస్తే బెల్టు కూత పెడుతుంది, బేరింగులు అరుగుతాయి. వదులైతే పళ్ళు దాటేస్తుంది. వెనకటి మేస్త్రులు బెల్టును బొటనవేలితో చూపుడువేలితో పట్టి మెలితిప్పి, పావు తిరుగుడు తిరిగితే సరే అనేవారట. మా కారు టెన్షనర్‌కి ఒక ముల్లుంది, అది గాడికి ఎదురుగా వచ్చి నిలవాలి. నిలిచింది. నేను పర్సు తీశాను.

"అప్పుడే కాదమ్మా" అని స్పానర్ అందుకున్నాడు. ఇంజను స్టార్టు చెయ్యకుండా చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలుస్తాయో లేదో చూడాలట. ఏదైనా తప్పుంటే చేతికి అడ్డం తగులుతుంది, అక్కడే ఆగిపోవచ్చు. స్టార్టు చేస్తే ఆగేదెవరు? ఒక చుట్టు. రెండో చుట్టు. కింది గుర్తు కలిసింది. పైది ఒక్క పన్ను పక్కకుంది.

కుర్రవాడు ఫర్వాలేదన్నట్టు చూశాడు. మేస్త్రి ఒక్క మాట మాట్లాడకుండా టెన్షనర్ వదులుచేసి, బెల్టు తీసి, క్రాంకు దగ్గర్నించి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇందాక టెన్షనర్ లేని వైపు కాస్త వదులు మిగిలిపోయిందట. మళ్ళీ ముల్లు, మళ్ళీ రెండు చుట్లు. ఈసారి పైనా కిందా గీతకి గీత కలిశాయి. నేను ఊపిరి వదిలాను. అప్పటిదాకా బిగబట్టానని అప్పుడే తెలిసింది.

పాత బెల్టు అడిగి తెచ్చుకున్నాను. ఆ రాత్రి అన్నాల తర్వాత మావారి ముందు పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక్కి వంచి, లైటు కిందికి తీసుకెళ్ళి చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు నేను లేచేసరికి, మూడున్నరకే కారు తుడుస్తున్నారు.

గుడివాడలో అమ్మ ఎక్కి, దిండు సర్దుకుని, లోపలంతా కలయజూసింది.

"అంత డబ్బు పోశానన్నావు. కొత్తది ఒక్కటీ కనబడదేమిటే?"