బ్లంచ్ ఏమైపోయింది?

బ్రంచ్‌కి రమ్మంటే నాకు ఒళ్ళు మండుతుంది. “పదకొండుకల్లా వచ్చెయ్యాలి బాబాయ్” అంటాడు మా వాళ్ళబ్బాయి. పొద్దున టిఫిన్ మానుకుని వెళ్తే, పుచ్చకాయ రసం చేతికిచ్చి ఒంటిగంట దాకా కబుర్లు చెబుతారు. అప్పటికి పెసరట్టు పెనం ఇంకా పొయ్యెక్కదు. ఆదివారం పూట ఈ ఉపవాసమేమిటి?

ఈ ముచ్చటను ఊరేగించినవాడు గై బెరింజర్ అనే ఇంగ్లిషాయన. 1895లో ‘హంటర్స్ వీక్లీ’ పత్రికలో దీనికోసం ఏకంగా ఒక విన్నపమే రాశాడు. చర్చి నుంచి రాగానే ఆదివారం ఆ బరువు భోజనాలేమిటి, శనివారం రాత్రి షికార్లు చేసినవాళ్ళను హాయిగా పడుకోనివ్వండి, మధ్యాహ్నానికి టీతో మొదలుపెట్టి మెల్లగా మాంసం దాకా వెళ్దాం అని ఆయన వాదన. టీ బదులు బీరైనా, విస్కీ అయినా అభ్యంతరం లేదన్నాడు. బద్ధకస్తుడే కానీ దాపరికం లేని మనిషి. బ్రేక్‌ఫాస్ట్ తల కోసి లంచ్ మొండేనికి అతికించిన మాటను అచ్చులోకి ఎక్కించాడు. మరుసటేడాదికే ఆ పత్రిక మూతపడింది, మాట మాత్రం బతికింది.

అసలు సంగతి ఆ మరుసటేడాదే, 1896లో, ‘పంచ్’ పత్రిక బయటపెట్టింది. అంతకు రెండేళ్ళ ముందే ఆక్స్‌ఫర్డ్‌లో ఈ తిండికి రెండు పేర్లున్నాయట. బ్రేక్‌ఫాస్ట్ వేళకు దగ్గరగా తింటే బ్రంచ్, లంచ్ వేళకు దగ్గరగా తింటే బ్లంచ్. ఎంత నిఖార్సయిన లెక్క! ఆక్స్‌ఫర్డ్ అంటే ఊరికే కాదు. 1871లో హంప్టీ డంప్టీ చేత, రెండర్థాలు ఒకే మాటలో మడతపెట్టడాన్ని రెండు అరల పెట్టెతో పోల్పించిన లూయిస్ కారల్ ఆ ఊళ్ళోనే లెక్కలు చెప్పేవాడు. అలాంటి మాటలకు పోర్ట్‌మాంటో అనే పేరు ఆ పెట్టె నుంచే వచ్చింది. ఆయన కాలేజీ ఉన్న ఊళ్ళో కుర్రాళ్ళు మాటలు అతికించరూ మరి!

ఇంత చక్కని తేడాను లోకం మింగేసింది. బ్రంచ్ హైదరాబాద్ పెద్ద హోటళ్ళ దాకా వచ్చి కూర్చుంది. బ్లంచ్‌ను తలుచుకునే నాథుడు లేడు. నన్నడిగితే ఈ ఊళ్ళో పెట్టేవన్నీ బ్లంచ్‌లే.

అయ్యా, అమ్మా, మీరూ ఎవరినైనా పిలిస్తే దయచేసి బ్లంచ్ అనే పిలవండి. ఇంట్లో నాలుగు ఇడ్లీలు తినే బయల్దేరతాం.