చిన్నరసపు చెట్టు నీడను

కాపు దిగి, కాయల లారీల సందడి సద్దుమణిగిన యీ ఆషాఢపు సాయంకాలమున, నూజివీటి చేరువనొక ముదుసలి చిన్నరసపు మామిడిచెట్టు క్రింద, రైతులమును, కౌలుదారులును, ఇద్దరు వ్యాపారులును ఉమ్మడి సంఘమొకటి స్థాపింపవలెనని కూడితిమి. లక్ష్యమేమని యడుగగానే అందరమును ఏకకంఠముగా "ఎగుమతి" యంటిమి. పండినంతనే చేతిలో రసమై జారిపోవు చిన్నరసమును ఓడ యెట్లెక్కింతుమో మాత్రము ఎవరికిని తోచలేదు. 2020 నాటి కేంద్రపథకము ననుసరించి మైదాన ప్రాంతమున రైతు ఉత్పత్తిదారుల సంఘమునకు 300 మంది సభ్యులుండవలెను. ఆ నీడను చేరినవారము పందొమ్మిదిమందిమి!

తుదకొక పెద్దాయన, "ఎగుమతి సంగతి తరవాత చూద్దాం అబ్బాయిలూ, ఈ నెలలో కొమ్మల కత్తిరింపులు ఎవరు చేయిస్తారు, కాయ కోడిగుడ్డంత కాకముందే కవర్లు ఎవరు తెప్పిస్తారు, పేర్లతో సహా రాయండి" అనెను. వ్రాసితిమి. కాయ మగ్గించుటకు కార్బైడు ముట్టరాదను పంక్తి యొద్ద, అది చట్టము ఏనాడో నిషేధించినదే యైనను, వ్యాపారులిరువురును గొంతు సవరించుకొనిరి. పండుఈగ నుండి కాయను కాచు ఆ కవర్లకు ముందుగా సొమ్ము పెట్టువారెవరన్నచోట మాట ఆగినది, దోమలు లేచినవి. వచ్చు ఆదివారము మరల అదే చెట్టు క్రింద.