పొగ చల్లార్చే నిప్పు

తర్కశాస్త్రం చదువుకున్న వారికి పొగ నిప్పుకు సాక్షి. కొండమీద పొగ కనబడితే అక్కడ నిప్పున్నదని ఊహించడంతోనే పాఠం మొదలవుతుంది. నేటి మోటారు ఇంజనులో మాత్రం ఆ పొగే నిప్పుకు కళ్ళెమై కూర్చున్నది. మా మేనల్లుడి హైబ్రిడ్ కారు పుణ్యమా అని ఈ సంగతి నాకు తెలియవచ్చింది.

అతడు గుంటూరు మిర్చి యార్డుకూ ఒంగోలుకూ నడుమ నిత్యం తిరిగే మనిషి. కారు లక్షన్నర కిలోమీటర్లు దాటింది. ఉదయం స్టార్టు చేయగానే ఇంజను వణకసాగింది. "మన ఎండలకు వేడెక్కుతోంది. పొగ వెనక్కి వచ్చే దారికి రేకు వేసి మూసేస్తే చల్లబడుతుంది" అన్నాడట మెకానిక్కు. "మూయించమంటారా మావయ్యా?" అని ఫోను. ఛందస్సులో సందేహమైతే క్షణంలో తీర్చేవాణ్ణి. దీనికి నాలుగు రోజులు చదవవలసి వచ్చింది.

ఇంజను విడిచిన పొగలో కొంత పాలు చల్లార్చి మళ్ళీ లోనికే పంపే ఏర్పాటును ఈజీఆర్ అంటారు. ఒకసారి మండిన వాయువు గనుక అది తిరిగి మండదు. అందులోని బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వేడిని పీల్చుకొని మంట తీవ్రతను తగ్గిస్తాయి. డీజిలు బండ్లలో దీని ముఖ్యోద్దేశం నత్రజని ఆక్సైడ్లను అణచడం. పెట్రోలు హైబ్రిడ్లలో ఇంధనం ఆదా కావడం, ఇంజను కొట్టుకోకుండా ఉండడం ప్రధానం. 2009లో వచ్చిన మూడవ తరం ప్రియస్ ఇంజనులో ఈ పద్ధతే ఉన్నది.

కనుక ఆ దారి మూస్తే మంట వేడి పెరుగుతుందే గాని తగ్గదు. పైగా ఇంజనును నడిపే కంప్యూటరు పొగ వస్తుందన్న లెక్కతో నిప్పురవ్వ వేళను అమర్చుకొని ఉంటుంది.

అసలు దోషం రెంటచింతల ఎండది కాదు, మసిది. హైబ్రిడ్‌లో ఇంజను మాటిమాటికీ ఆగి లేస్తుంది. దగ్గరి ప్రయాణాలలో పూర్తిగా వేడెక్కనే ఎక్కదు. ఆ చెమ్మకు మసి అంటుకొని కూలరు అరలలోనూ, ఒక్కొక్క సిలిండరుకు పొగను పంచే సన్నని దారులలోనూ పేరుకుంటుంది. ఒక దారి పూడితే ఆ సిలిండరు మిగతా వాటికంటె వేడిగా మండుతుంది. ఆ తాకిడికి హెడ్డు గాస్కెట్టు ఓర్వలేకపోతే కూలెంటు లోనికి ఊరుతుంది. ఉదయపు వణుకు దానిదీ కావచ్చు. అమెరికాలో ఆ తరం ప్రియస్‌లను బాగుచేసే మెకానిక్కులు పలువురు గాస్కెట్ల చేటుకు ఈ మసినే అనుమానిస్తారు.

ప్రకాశం జిల్లా పొగాకు రైతుకు ఇదంతా చెప్పనక్కరలేదు. బ్యారను గొట్టాలకు మసి పడితే దులుపుతాడు గాని గొట్టం మూయడు.

రేకు వద్దన్నాను. కూలరు, వాల్వు, మానిఫోల్డు విప్పించి కడిగించమన్నాను. మిర్చి సీజనులో మూడు రోజులు కారు లేకుండానా అని అతడు గొణిగాడు. నిన్న ఫోటో పంపాడు. కూలరు అరలు సగానికి పైగా పూడిపోయి ఉన్నాయి. గాస్కెట్టు నిలిచిందో లేదో రేపటి ప్రెషరు పరీక్షలో తేలుతుంది.