కుడి కాలు, ఎడమ కాలు

మన తెలుగు బడి పిల్లల్లో సగం మంది క్లాసు అవగానే ఏదో ఒక ఆటకి పరిగెత్తేవాళ్ళే. టెన్నిస్, సాకర్, బేస్‌బాల్, బాడ్మింటన్, ఈ మధ్య క్రికెట్ కూడాను. డ్రైవర్లం మనమే! అందుకే ఆటలాడే పిల్లల కాళ్ళూ చేతుల గురించి మేము మా ఇంట్లో తెలుసుకున్న నాలుగు ముక్కలు మీతో పంచుకుందామనిపించింది.

మనకి కుడి ఎడమల పట్టింపు ఎక్కువ. కొత్త కోడలు కుడి కాలు ముందు పెట్టి లోపలికి రావాలి. ఎడం చేత్తో ఏదైనా ఇస్తే పెద్దవాళ్ళు ఊరుకోరు. శరీరం కూడా రెండు పక్కల్నీ ఒకేలా చూడదు. ప్రొఫెషనల్ టెన్నిస్ ఆటగాళ్ళకి ఎక్స్‌రేలు తీసి చేసిన ఒక పరిశోధన 1977లో వచ్చింది. భుజానికీ మోచేతికీ మధ్య ఎముక గోడ మందం, రాకెట్ పట్టే చేతిలో మగవాళ్ళకి 35 శాతం, ఆడవాళ్ళకి 28 శాతం ఎక్కువ ఉంది. పని చెప్పిన చోట ఎముక కూడా గట్టిపడుతుందన్నమాట.

పరుగులో రెండు కాళ్ళూ సమానమే కదా అనుకుంటాం. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తిన ఉసేన్ బోల్ట్‌కి వెన్నెముక వంకర ఉంది. కుడి కాలు సుమారు అర అంగుళం పొట్టి. టెక్సస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ వాళ్ళు ఆయన పరుగు వీడియో పరిశీలించి 2017లో ఒక లెక్క చెప్పారు. కుడి కాలు 13 శాతం ఎక్కువ బలంతో నేలని తాకుతోంది, ఎడమ కాలు 14 శాతం ఎక్కువ సేపు నేల మీద ఉంటోంది. కాబట్టి తేడా ఉండటమే జబ్బు కాదు.

మరి ఎప్పుడు పట్టించుకోవాలి? దెబ్బ తగిలి తేడా వచ్చినప్పుడు.

మా అమ్మాయి హైస్కూల్లో బాడ్మింటన్ ఆడుతుంది. కుడి చేతివాటం. అలాంటివాళ్ళు షటిల్ కోసం ముందుకి సాగేది కుడి కాలి మీద. వెనక మూలకి వెళ్ళి తల మీదుగా కొట్టి దిగేటప్పుడు మాత్రం చాలాసార్లు బరువంతా ఎడమ కాలి మీదే. అలా దిగినప్పుడే తన ఎడమ మోకాల్లో ఏ.సి.ఎల్. అనే లిగమెంట్ తెగింది. సెప్టెంబర్లో ఆపరేషన్ అయింది.

మార్చిలో, సరిగ్గా జట్టు సీజన్లో, ఒంటికాలి గెంతు పరీక్ష పెట్టారు, మన తొక్కుడు బిళ్ళలాగే. దెబ్బ తగిలిన కాలు గెంతిన దూరం, మంచి కాలు గెంతిన దూరంలో 90 శాతమైనా ఉండాలి. తనకి 92 వచ్చింది. "నాన్నా, ఏ గ్రేడ్!" అంది. కానీ మెషిన్ మీద తొడ కండరం బలం కొలిస్తే 78 శాతమే. గెంతేటప్పుడు తుంటీ, చీలమండా మోకాలి పని పంచుకుని లోపాన్ని దాచేస్తాయని ఫిజికల్ థెరపిస్ట్ చెప్పారు. పైగా ఆరు నెలలుగా ఆట లేక మంచి కాలు కూడా నీరసపడింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, టెస్టు పాసయింది గానీ పోల్చుకున్న కొలతే తగ్గిపోయింది! తొమ్మిది నెలల వరకూ ఆగిన ప్రతి నెలకీ మళ్ళీ దెబ్బ తగిలే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుందని 2016లో వచ్చిన ఒక పరిశోధన చెబుతోంది.

మేమిద్దరం కూర్చుని మాట్లాడుకుని, ఈ సీజను వద్దన్నాం. మూడు రోజులు మాతో మాట్లాడలేదు. తన వయసుకి ఒక సీజనంటే చిన్న విషయం కాదు. 1994లో మోకాలి లిగమెంట్ తెగిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన సంగతి చెప్పాం. "ఏడేళ్ళా!" అని ఇంకా బెంగపడింది.

ఆ సమయంలో ఆదుకున్నది ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ. ఒంటికాలి గుంజీలు తీయిస్తూ తెలుగులో లెక్కపెట్టేవారు. తప్పు చెబితే మళ్ళీ మొదటి నుంచి! బడిలో ఇరవై దాటని అంకెలు అరవై దాకా వచ్చేశాయి. జూన్‌లో తొడ బలం కూడా 90 దాటాకే రాకెట్ పట్టనిచ్చారు. ఇప్పుడు మళ్ళీ ఆడుతోంది. ఎడమ తొడ ఇప్పటికీ కాస్త సన్నమే.

తల్లిదండ్రులకి మా మాట ఒక్కటే. ఏడాది పొడవునా ఒకే ఆట, ఒకే చెయ్యి కాకుండా చూడండి. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో 11-12 ఏళ్ళ పిల్లలు రోజుకి 85 బంతులకి మించి విసరకూడదనే నియమం ఊరికే పెట్టలేదు. ఒక పక్కే నొప్పి, వాపు, కుంటడం కనిపిస్తే టోర్నమెంట్ కంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నిదానమే ప్రధానం.

పిల్లలూ, నొప్పి వస్తే దాచకండి. అమ్మానాన్నలకి చెప్పండి. తెలుగులో చెబితే మరీ సంతోషం!