కన్నం పడ్డ రూపాయి

నాణెం మీద గీత కనిపిస్తే సేకరణదారులు ముందు చూసేది ఒక్కటే. గీత ఉబ్బెత్తుగా ఉందా, లోపలికి దిగిందా? ఉబ్బెత్తుగా ఉంటే టంకశాలలో అచ్చే పగిలిందన్నమాట. ఆ పగులులోకి లోహం ఎక్కి గీతగా నిలిచింది. లోపలికి దిగితే అది తర్వాత ఏ సంచిలోనో, ఏ చేతిలోనో పడిన గీత. మొదటిది 'ఎర్రర్', ధర పెరుగుతుంది. రెండోది 'డ్యామేజ్', ధర పడిపోతుంది.

పిహెచ్.డి. కోసం పాత ముద్రణల్లో పాఠభేదాలు వెతికిన నాకు ఈ విద్య తొందరగానే పట్టుబడింది. పుస్తకానికైనా నాణేనికైనా తెలుగులో ఒకే మాట సరిపోతుంది: అచ్చుతప్పు. కొట్టిన నాణెం బయటికి రాక అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళ మీద అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి గుంటగా పడుతుంది. మన దేశంలో సేకరణదారులు దాన్ని 'లఖీ' అంటారు, ఎక్కువిచ్చి కొంటారు. యంత్రం చేసిన తప్పుకి అంత గౌరవం!

కన్నం ఉన్న నాణేనికి మాత్రం ఏ గౌరవమూ లేదు. నాణేలకు 1 నుంచి 70 దాకా అంకెలు వేసే పద్ధతిని 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పెట్టాడు. కన్నం పడితే ఆ 70లో ఒక్క అంకె కూడా ఇవ్వరు. ఇదే షెల్డన్ కాలేజీ విద్యార్థుల నగ్న ఫొటోలు తీసి మనుషుల దేహాలకీ అంకెలు వేశాడు. 1950లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఒక విద్యార్థిని ఇంట్లో చెప్పడంతో, అక్కడ తీసిన ఆడపిల్లల ఫొటోలన్నీ తగలబెట్టారు. ఈ సంగతి తెలిశాక ఆ అంకెల్ని మామూలుగా చూడలేకపోతున్నాను.

అరకు కొండల్లో కొందరు ముసలమ్మల మెడల్లో ఇంకా పాత రూపాయల దండలున్నాయి. విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి. ఒక్కోటి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. 1940లో వెండి సగానికి తగ్గింది, 1947లో నికెల్ రూపాయి వచ్చింది. 1906 నాణేల చట్టం ప్రకారం రూపు చెరిపిన నాణెం చెల్లేది కాదు. అంటే కన్నం వేసిన రోజే ఆ రూపాయి సావుకారి లెక్కల్లోంచీ, మొగుడి సారా ఖర్చులోంచీ తప్పుకుని ఆడమనిషి ఆస్తి అయిందని నేను అనుకుంటాను.

కిందటి వేసవిలో అరకు సంతలో ఒక వ్యాపారి అలాంటి దండని చేతిలోకి తీసుకుని ఒక్కో బిళ్ళా తిప్పి తారీఖులు చూశాడు. 1911 కోసం. ఆ ఏడాది రూపాయి మీద జార్జి అంగీపై ఏనుగు బొమ్మ పందిలా కనిపించిందని గోల రేగితే, 1912లో బొమ్మ మార్చారు. ఆ 'పంది రూపాయి' కి ఇప్పుడు గిరాకీ. దండలో అది లేదు.

"అన్నిటికీ కన్నాలే. వెండి రేటే వస్తాది, అందులో తరుగు తీసేయాల," అన్నాడు.

"తరుగేటి బాబూ? ఆ కన్నాలు మాయమ్మ ఏసింది," అందామె.

మనవరాలి హాస్టల్ సామాన్లకి డబ్బు కావాలి. మొత్తం ఇచ్చేస్తుందేమోనని నాకు భయం.

"మామ్మా, పాతవి ఉంచుకో," అన్నాను.

ఆమె నా మాట పట్టించుకోలేదు. దండ ఒళ్ళో పెట్టుకుని, తారీఖూ చూడలేదు, రాణి మొహం అరిగిందో లేదో కూడా చూడలేదు. ఒక్కో కన్నం అంచు బొటనవేలితో తడిమింది. మేకు దిగిన వైపు అంచు కొన్నిటికి నున్నగా అరిగింది, కొన్నిటికి ఇంకా గరుగ్గా ఉంది.

"ఇయ్యి దారాన్ని కోసేస్తన్నాయమ్మా," అని మూడు బిళ్ళలు తీసి తక్కెట్లో వేసింది. మిగిలినవి మళ్ళీ దారానికి ఎక్కించి, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది.