పెరటి పుదీనా

పెరటి చెట్టు మందునకు పనికిరాదని తెలుగునాట నొక సామెత కలదు. చేరువనున్న దానిని మనుజులు చులకనగా చూతురని దాని భావము. నూతి గట్టున, నీరు జాలువారు చోట, తనంత తాను ప్రాకు పుదీనాకు ఈ సామెత చక్కగా నొప్పును. అంగడిలో చౌకగా దొరకు ఆకు గనుక దానిని గూర్చి ఎవ్వరును ఆలోచింపరు. ఉన్న గుణమును చులకన చేయుట ఒక తప్పు. లేని గుణమును అంటగట్టుట మరియొక తప్పు. ఈ రెండు తప్పులును లేకుండ పుదీనాను తెలిసికొనుట మేలు.

పుదీనా తులసికి చుట్టము. రెండును ఒకే కుటుంబమునకు చెందిన మొక్కలు. కాడను వ్రేళ్ల నడుమ నుంచి త్రిప్పినచో అది గుండ్రముగా గాక నాలుగు పలకలుగా నుండుట తెలియును. ఆకులు జంటలుగా ఎదురెదురుగా పుట్టును. ఆకుపై కంటికి కనబడనంత చిన్న తిత్తులలో నూనె దాగియుండును. ఆకును నలిపినంతనే ఆ తిత్తులు చిట్లి పరిమళము వెలువడును.

ఈ మొక్కను పెంచుటకు విత్తులతో పనిలేదు. ఆకులు దూసికొని పారవేయు కాడలలో ముదురు వానిని ఏరి తడిమట్టిలో గ్రుచ్చినచో కొలది దినములలో వేరు తొడుగును. పగిలిన కుండయైనను దానికి చాలును. నేలపై నాటినచో వేరుకాడలు చాచి పొరుగు మొక్కల చోటును ఆక్రమించును. కావున తొట్టిలో పెంచుటయే యుక్తము.

వంటయింట దీని యుపయోగములు పెక్కు. ఆకును నూనెలో మగ్గించి, వేయించిన మిరపకాయలు, చింతపండు, ఉప్పు చేర్చి రోట నూరిన పచ్చడి అన్నమునకు మంచి రుచి నిచ్చును. హైదరాబాదు బిరియానీకి పుదీనా లేనిదే పరిమళము రాదు. వేసవిలో మజ్జిగయందు రెండాకులు నలిపి వేయుదురు. భోజనానంతరము ఆకు నమలినచో నోటి దుర్వాసన కొంతసేపు మరుగుపడును. అంతమాత్రమున పండ్లు తోముకొను పని తప్పదు.

పుదీనాలో పలుజాతులు కలవు. పిప్పరమెంటు అను జాతియందును, ఉత్తరప్రదేశమున బారాబంకి మొదలగు జిల్లాలలో రైతులు పండించు జాతియందును మెంథాల్ అను పదార్థము మెండుగా నుండును. కోసిన పైరునకు ఆవిరి పట్టించి నూనె తీయుదురు. ఆ నూనెను బాగుగా చల్లబరచినచో మెంథాల్ పలుకులుగా గట్టిపడును. పండ్లపొడులలో, నొప్పి లేపనములలో, దగ్గు బిళ్లలలో చల్లగా తోచునది ఇదియే.

అయితే మెంథాల్ దేనిని చల్లబరచదు. మన నరములయందు చల్లదనమును పసిగట్టు గ్రాహకములు కలవు. మెంథాల్ వానిని తాకినంతనే చలి తగిలినదను వార్త మెదడునకు చేరును. మిరపకాయ కారము వేడిని పసిగట్టు గ్రాహకమును అట్లే రేపును. ఆ వేడి గ్రాహకమును డేవిడ్ జూలియస్ బృందము 1997లో కనుగొనెను. 2002లో మెంథాల్ సాయముతో చలి గ్రాహకమును జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కనుగొనిరి. ఉష్ణమును, స్పర్శను దేహము గ్రహించు విధమును తెలిపినందులకు వారిరువురకు 2021లో నోబెల్ బహుమానము లభించెను. తెలుగువారి రోటిలో కలిసి నలుగు మిరపయు పుదీనాయు శాస్త్రశాలలోను జంటగా నిలిచినవి!

ఇందుండి యొక పాఠము నేర్వవలెను. ఉపశమనము తోచుట వేరు, రోగము కుదురుట వేరు. జలుబు చేసినపుడు మెంథాల్ వాసన చూచినచో ముక్కు తెరచుకొన్నట్లు తోచును. కాని మూసికొన్న దారి అట్లే యుండును. పిప్పరమెంటు నూనె ప్రేగుల కండరములను సడలించి కడుపునొప్పిని కొందరికి తగ్గించును. ఛాతీమంట గలవారికి అదియే బాధను హెచ్చింపవచ్చును. పసిబిడ్డల ముక్కునకు మెంథాల్ లేపనము పూయరాదు. దానివలన ఊపిరి చిక్కబట్టు ప్రమాదము కలదు. వాంతులు, విరేచనములు పట్టుకొన్న బిడ్డకు పుదీనా రసము పోయుచు కాలము పుచ్చరాదు. దేహము కోల్పోయిన నీటిని, లవణములను అది భర్తీ చేయజాలదు. ఓ.ఆర్.ఎస్. ద్రావణము పట్టించుచు వైద్యుని చెంతకు కొనిపోవలెను.

ఇట్లు చెప్పుట పుదీనాను తక్కువ చేయుట కాదు. అన్నమునకు రుచిని, మజ్జిగకు పరిమళమును, అలసిన వేళ కొంత ఊరటను ఇచ్చుట చిన్న మేలా? పారవేయు కాడనుండి మరల చిగిర్చి అడుగకయే ఇచ్చు మొక్క అది. దాని చేతనైన పనిని దానికి విడిచి, చేతకాని పనిని వైద్యునకు అప్పగించుటయే వివేకము. అట్లు తెలిసి వాడుకొన్న యింట పెరటి మొక్క చులకన కాదు.